పదకొండో గడి

దామరగిద్ద దాటినంక రోడ్డు ఎర్రగయితది.
బండి మీద నేను, సంచిల ట్యాబు,
ట్యాబుల ఇరవై రెండు గళ్ల ఫారం.
బడి గ్రంథాలయాన్ని కొలిచి రమ్మన్నరు.

గది ఉన్నదా? ఉన్నది.
సగం గది. తక్కిన సగం సన్నబియ్యం బస్తాలది.
బీరువాలెన్ని? రెండు.
ఒకదానికి తాళంచెవి లేదు, ఒకదానికి తలుపే లేదు.
లైబ్రేరియన్ ఉన్నరా?
"పోస్టే లేదు గద సార్" అని హెడ్మాస్టరు నవ్విండు.
"కుట్టుపని టీచరున్నది. ఆమెనే చూస్తది."

శరణమ్మ.
గంటల లెక్కన జీతం, అదీ మూడు నెలలకొకపారి.
మిషను మీదికెళ్లి తల ఎత్తకుండనే అడిగింది:
"గౌను కొలతలకొచ్చినరా, పుస్తకాల కొలతలకా?"

వర్గీకరణ పద్ధతి, ఐదో గడి.
తలుపు లేని బీరువా చూపింది.
చినిగిన ప్రతి పుస్తకం వీపుకు ఒక గుడ్డపట్టీ,
నారాయణపేట మగ్గాల కాడ మిగిలిన చీరంచులు.
కుంకుమరంగు కథలకు,
పసుపు లెక్కలకు, చుక్కలకు,
చిలకపచ్చ జంతువులకు.
మరి నల్లంచు?
"అవి ఎవ్వలు ముట్టరు సార్. పైనుంచి పంపినయి,
ఒక్కటే పుస్తకం డెబ్బై కాపీలు.
బియ్యానికి చెమ్మ తగలకుండ బస్తాల కింద పేర్చిన."

"శాస్త్రీయ పద్ధతి: లేదు" అని నొక్కిన.
నొక్కినంక జర సిగ్గయింది.

పదకొండు: పోయిన పుస్తకాలెన్ని?
రిజిస్టరుల నాలుగొందల పన్నెండు.
ఇద్దరం కూసొని దుమ్ము దులిపి లెక్కబెడితే
మూడొందల డెబ్బై ఒకటి.
నలభై ఒక్కటి లేవు.
ఈ అంకె ఎవరి జీతంల కోతయితదో
ఆమెకు ఎరుకే, నాకూ ఎరుకే.

ఆమె మిషను సొరుగు గుంజింది.
బాబిన్లు, సుద్దముక్క, ఒక పొడుగు నోటుబుక్కు.
హాజరు పిలిచినట్టు చదివింది:

"తాయప్ప బిడ్డ అంబిక, ఆరోది, చిలకపచ్చ ఒకటి, పుణె.
కుర్మన్న కొడుకులిద్దరు, ఇద్దరికొకటే,
కొట్లాడుకోవద్దని చెప్పిన, భివండి.
సవారమ్మ మనుమరాలు, కథలవి రెండు,
ముంబై, సైటు పేరు తెల్వదు.

దసరా ఎల్లినంక బస్సెక్కుతరు సార్, ఇండ్లకిండ్లు.
గిన్నెలు, చాప, బియ్యం, పిల్లలు.
మూట అడుగున ఒక్కటి పెట్టి పంపుత.
ఉగాదికొస్తయి.
కొన్ని రావు."

పోయినేడు వచ్చినదొకటి నా చేతుల పెట్టింది.
నడిమి పేజీలు సిమెంటు నీళ్లకు అతుక్కున్నయి.
వెనక అట్ట మీద పెన్సిలుతో ఎవరిదో నాయిన కూలి లెక్క,
సోమారం నుంచి శనివారం దాకా,
బేస్తారం కాడ సున్న.
దాని కింద పిల్ల చేతిరాత:
"కోతి కథ మూడుసార్లు సదివిన. అమ్మ గూడ ఇన్నది.
ఇంతకన్న పెద్దదుంటే ఈయి టీచర్."

పదకొండో గడి పక్కన ఎర్రచుక్క.
ఖాళీ వదిలితే ట్యాబు ముందుకు పోదు.
మన మాటల పోయినయి అంటే రెండర్థాలు,
దానికేమో ఒక్కటే తెలుసు.
చానసేపు సున్న మీద వేలు పెట్టుకొని కూసున్న.

ఆఖరి గడి సూచనలు. నూటయాభై అక్షరాలు మించొద్దు.
బస్తాలకు వేరే గది.
ఒక ట్యూబులైటు, పిల్లల చేతికందే అరలు.
వారానికి రెండు పీరియడ్లు, ఆటలవి కోయకుండ.
డెబ్బై కాపీలు పంపేముందర ఒక్క పిల్లనన్న అడగండ్రని.
శరణమ్మ పేరుకు ఒక పదవి
అని రాయబోతే
'శర' కాడనే గడి నిండిపోయింది.

సిగ్నలు లేదు. చక్రం తిరుగుతనే ఉన్నది.
ఊకె ఉండలేక కుంకుమంచుది ఒకటి గుంజిన,
పది పేజీలు ఎట్లయిపోయినయో.

ఇంటి బెల్లు కొట్టిండ్రు.
"తీస్కపోండ్రి సార్" అన్నది,
నా పేరడిగింది, ఊరడిగింది,
కడాఖరి గీత కింద రాసుకున్నది
నలభై రెండని.
ఎన్నడు తెస్తరు అనే కాడ
పెన్ను ఆపి నా దిక్కు చూసింది.